పొట్ట పేరు, నడుము పని: బెల్లీ డాన్స్ ఒంటికి చేసేదేమిటి

మా వదిన విజయవాడ బందరు రోడ్డులో ఒక బ్యాంకులో పనిచేస్తుంది. వయసు 43. పొద్దున పదింటికి కౌంటర్లో కూర్చుంటే మధ్యాహ్నం క్యారేజీ విప్పేదాకా కుర్చీ దిగదు. నిరుడు దసరా వెళ్ళాక మొగల్రాజపురంలో ఒక మేడ మీద నడిచే బెల్లీ డాన్స్ క్లాసులో చేరింది. వారానికి రెండు రోజులు, రోజుకు గంట. మెట్ల దగ్గర కట్టిన ఫ్లెక్సీ మీద "నెల రోజుల్లో పొట్ట మాయం" అని ఉంటుంది. ఇంట్లో మాత్రం జుంబాకి వెళ్తున్నానని చెప్పింది. బెల్లీ డాన్స్ అనగానే మా అమ్మకి జ్యోతిలక్ష్మి, జయమాలిని తప్ప ఇంకెవరూ గుర్తు రారని ఆవిడకి తెలుసు.

నెల తిరిగాక నాకు ఫోన్.

"తూకం అరకిలో కూడా కదల్లేదే. కానీ చుడీదార్లు నడుం దగ్గర వదులయ్యాయి. పొద్దున లేవగానే పట్టేసే నడుం ఇప్పుడు పట్టెయ్యట్లేదు. డబ్బులు దండగనుకోవాలా, కలిసొచ్చిందనుకోవాలా?"

"నాలుగు రోజులు ఆగు వదినా, కాస్త చదివి చెప్తాను" అన్నాను.

చదివాక అర్థమైంది. ఆవిడ చెప్పినవి మూడు వేర్వేరు సంగతులు. తూకం కదలకపోవడానికి ఒక కారణం, బట్టలు వదులు కావడానికి ఇంకోటి, నడుము నొప్పి తగ్గడానికి మరోటి. ఈ మూడింటినీ కలిపి ఒకే ముద్ద చేసి "పొట్ట మాయం" అని అమ్మడంలోనే చిక్కంతా ఉంది.

ముందు తూకం లెక్క

ఏ పనిలో ఒళ్ళు ఎంత శక్తి ఖర్చు చేస్తుందో కొలవడానికి నిపుణులు మెట్ అనే కొలత వాడతారు. ఊరికే కూర్చుంటే అయ్యే ఖర్చు 1 మెట్. శారీరక శ్రమల పట్టికలో బెల్లీ డాన్స్‌ని సల్సా, ఫ్లెమెంకో వగైరాలతో కలిపి 4.5 మెట్ల దగ్గర వేశారు. గంటకు అయిదున్నర కిలోమీటర్ల వేగంతో చురుగ్గా నడిచినా ఇంచుమించు అంతే. మనిషి బరువులో కిలోకి గంటకు ఒక కేలరీ చొప్పున ఒక మెట్ అనుకుంటే లెక్క తేలికవుతుంది.

మా వదిన 70 కిలోలు. గంట ఆడితే 315 కేలరీలు. ఆ గంట సోఫాలో కూర్చున్నా 70 ఎలాగూ ఖర్చయ్యేవి కాబట్టి అవి తీసేస్తే 245. నెలకు ఎనిమిది క్లాసులకు 1,960. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి. అంటే ఒక్క క్లాసు మానకుండా నెలంతా ఆడితే పోయేది పావుకిలో. అదీ గంటకు గంటా ఆడితేనే. కొత్తవాళ్ళ క్లాసులో సగం సేపు టీచరమ్మ చేసేది చూడటానికి, కాలు ఎక్కడ పెట్టాలో వెతుక్కోవడానికి, నీళ్ళు తాగడానికే సరిపోతుంది. దిగి వచ్చాక బండి దగ్గర ఆగి రెండు మిర్చిబజ్జీలు తిన్నారంటే ఆ పావుకిలో కూడా చేతికి రాదు. మామూలు ఇంటి తూకం మిషన్‌కి ఇంత చిన్న తేడా కనపడనే కనపడదు. పొద్దుటికీ రాత్రికీ మన బరువులో అంతకంటే ఎక్కువ తేడా ఉంటుంది.

"పొట్ట దగ్గరి కండరాలే కదా ఆడుతున్నాయి, పొట్ట కొవ్వే కరగాలి కదా" అని వదిన అడిగింది. అందరూ అడిగే ప్రశ్నే. 1971లో టెన్నిస్ ఆటగాళ్ళ చేతుల్ని కొలిచి చూశారు. ఏళ్ళ తరబడి ఒకే చేత్తో బ్యాటు తిప్పేవాళ్ళు కదా, ఆడే చేతిలో కండ పెరిగింది గానీ, చర్మం కింద కొవ్వు మందంలో రెండు చేతులకూ తేడా లేదు. పొట్ట వ్యాయామాలు మాత్రమే చేయించి చూసిన తర్వాతి పరీక్షల్లో చాలావాటిలోనూ పొట్ట కొవ్వు ప్రత్యేకంగా తగ్గలేదు. కారణం సులువే. కండరం తన పక్కనున్న కొవ్వును నేరుగా పీల్చుకోదు. ఒళ్ళంతా ఉన్న కొవ్వు నిల్వల నుంచి కరిగినది రక్తంలోకి వస్తుంది, కండరం రక్తంలోంచి తీసుకుంటుంది. వదినకి బ్యాంకు భాషలో చెప్పాను: బెంజ్ సర్కిల్ ఏటీఎంలో డబ్బు తీసినంత మాత్రాన అది బెంజ్ సర్కిల్ బ్రాంచి ఖాతాలోంచే పోవాలని లేదు. ఎవరి కొవ్వు ముందు ఎక్కడ తగ్గుతుందో నిర్ణయించేది వంశం, హార్మోన్లు, వయసు.

ఇక్కడ ఫ్లెక్సీ రాసినవాళ్ళ వైపు కూడా ఒక మాట చెప్పాలి. పొట్టలో కొవ్వు రెండు రకాలు. చేత్తో పట్టుకుంటే దొరికేది చర్మం కిందిది. పేగుల చుట్టూ, కాలేయం దగ్గర పేరుకునేది లోపలిది. షుగర్‌కీ గుండె జబ్బుకీ దారి తీసేది ఎక్కువగా ఈ రెండోదే. నడక, ఈత, నాట్యం, ఏదైనా సరే ఊపిరి వేగం పెంచే వ్యాయామం క్రమంగా చేస్తే, తూకం పెద్దగా మారకపోయినా, ఈ లోపలి కొవ్వు కొంత తగ్గుతుందని చాలా అధ్యయనాల్లో తేలింది. అందుకే తూకం మిషన్ కంటే టైలరు టేపు మేలు. మన దేశంలో ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకు 90 దాటితే జాగ్రత్త పడమంటారు. అయితే నెల రోజులకే చుడీదార్ వదులు కావడానికి కారణం ఇది కాకపోవచ్చు. దాని సంగతి తెలియాలంటే ఈ నాట్యంలో ఒళ్ళు ఎలా కదులుతుందో చూడాలి.

పేరులో ఏముంది అంటే, చాలానే ఉంది

ఈ నాట్యాన్ని అరబ్బీలో రక్స్ షర్కీ అంటారు. అంటే తూర్పు దేశపు నాట్యం. ఈజిప్టులో పెళ్ళిళ్ళలో, ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఆడుకునే జానపద రూపం రక్స్ బలదీ. ఈ రెండు పేర్లలోనూ పొట్ట ప్రసక్తే లేదు. దాన్ని తగిలించింది ఫ్రెంచివాళ్ళు. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో కైరో వీధి సెట్టు వేసి ఈ ఆట ఆడించాక అమెరికాలోనూ బెల్లీ డాన్స్ అన్న పేరే స్థిరపడింది. టికెట్లు అమ్ముకోవడానికి పనికొచ్చే పేరు మరి. వివేకానందుడు మాట్లాడిన సర్వమత సభ కూడా ఆ ప్రదర్శనలో భాగంగా జరిగిందే. ఒకే ఊరు, ఒకే ఏడాది, తూర్పు నుంచి వెళ్ళిన రెండింటికీ దక్కిన మర్యాదల్లో మాత్రం ఎంత తేడా!

మన భాషకి వదిలేసి ఉంటే సరైన పేరు పెట్టేదేమో. తెలుగులో నడుము అంటే కవులు వర్ణించే ముందువైపు సన్నదనమూ అదే, పొద్దున పట్టేసే వెనకవైపు నొప్పీ అదే. నడుం బిగిస్తాం, నడుం వాలుస్తాం, నడుం విరిగేలా పనిచేస్తాం. ఛాతీకి కింద, తొడలకి పైన, ఒంటి చుట్టూ తిరిగి వచ్చే పట్టీ అంతా నడుమే. బెల్లీ డాన్స్ పనిచేసేది సరిగ్గా ఆ పట్టీ మీద. 

మన శాస్త్రానికి ఇది కొత్త కూడా కాదు. నాట్యశాస్త్రంలో కటి (తుంటి భాగం) కదలికలు అయిదు చెప్పారు: ఛిన్న, నివృత్త, రేచిత, ప్రకంపిత, ఉద్వాహిత. తుంటిని గుండ్రంగా తిప్పడం, అదిలించడం, ఒక పక్క మెల్లగా పైకి లేపడం అన్నీ అందులో ఉన్నాయి. బెల్లీ డాన్స్ టీచరు "హిప్ సర్కిల్, షిమ్మీ, హిప్ లిఫ్ట్" అంటుంటే నాకు ఈ పేర్లే గుర్తొచ్చాయి. విజయవాడ నుంచి గంటన్నర దూరంలో ఉన్న కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ లాంటి మగవాళ్ళు సత్యభామ వేషం కట్టి ఆ వయ్యారం చూపించినవాళ్ళే. నడుము కదపడం అనగానే సిగ్గుపడటం మన పాత అలవాటేమీ కాదు. కాకపోతే కూచిపూడిలో అరమండి వేసి, అంటే మోకాళ్ళు వంచి సగం కూర్చున్నట్టు నిలబడి, పాదం కొట్టాలి కాబట్టి బరువంతా తొడల మీదా మోకాళ్ళ మీదా పడుతుంది. బెల్లీ డాన్స్‌లో పాదం మెత్తగా ఉంటుంది, మోకాలు కొంచెం వదులుగా ఉంటుంది, పని మధ్యలో జరుగుతుంది.

ఊగేది నడుము, ఊపేది మోకాలు

చూసేవాళ్ళకి వెన్నుపూస గింగిరాలు తిరుగుతున్నట్టు ఉంటుంది. నిజానికి నడుములోని అయిదు వెన్నుపూసలూ కలిసి ఒక పక్కకు మెలి తిరగగలిగేది సుమారు పది డిగ్రీలే. వాటి కీళ్ళ అమరికే అంత. అయితే ఆ ఊపు ఎక్కడిది? తుంటి పైకి లేవాలంటే ఆ పక్క మోకాలు నిటారు చేయాలి. కుడి మోకాలు చాపి ఎడమది వంచితే కుడి తుంటి లేస్తుంది. అదే పని రెండు మోకాళ్ళతో గబగబా మార్చి మార్చి చేస్తే షిమ్మీ. గుండ్రంగా తిప్పేటప్పుడు తిరుగుళ్ళలో ఎక్కువ భాగం తొడ ఎముక తల కూర్చునే గిన్నె కీలులో జరుగుతుంది. నడుము వెన్ను చేయాల్సింది కొంచెం ముందుకీ వెనక్కీ, కొంచెం పక్కలకీ వంగడం, మిగతా సమయంలో కుదురుగా ఉండటం. క్లాసులో నొప్పి తెచ్చుకునేవాళ్ళలో చాలామంది చేసే తప్పు ఇదే: మోకాళ్ళు బిగబట్టి, తుంటి కీలుతో చేయాల్సిన పనిని వెన్నుతో చేయించబోతారు.

నేర్చుకునేవాళ్ళు నడుముకి గవ్వల్లా నాణేలు కుట్టిన కండువా కట్టుకుంటారు. సింగారం కోసమే అనుకున్నాను. దానివల్ల ఇంకో ఉపయోగముంది. తుంటి సరిగ్గా ఆగినచోట నాణేల చప్పుడు తెగుతుంది. అద్దంలో కనిపించని తప్పు చెవికి దొరుకుతుంది. ఒంట్లో ఏ భాగం ఎక్కడుందో చూడకుండా తెలిసే శక్తి మనకి చేతివేళ్ళలో ఎక్కువ, నడుములో బాగా తక్కువ. ఎనిమిది గంటలు కుర్చీలో కూర్చునేవాళ్ళకి ఇంకా తక్కువ. కటి ఎముకని ముందుకు వంచమంటే చాలామంది పొట్ట ముందుకు తోస్తారు, వెనక్కి వంచమంటే భుజాలు వంచుతారు. దర్బుకా అనే డోలు మోతకి తగ్గట్టు ఒక్క తుంటిని మాత్రమే కదిపి ఛాతీని నిలిపి ఉంచడం అంటే, మరిచిపోయిన కండరాల్ని ఒక్కొక్కటిగా పేరు పెట్టి పిలవడమే.

వదిన చుడీదార్ సంగతి ఇక్కడ తేలుతుంది. కూర్చుని కూర్చుని తొడ ముందువైపు కండరాలు బిగుసుకుంటే, పిరుదుల కండరాలు, పొట్ట కండరాలు వదులైపోతే, కటి ఎముక ముందుకు వాలుతుంది. నీళ్ళ బిందె వంచినట్టు. దాంతో నడుము వెనక గుంట పడుతుంది, పొట్ట ముందుకు వస్తుంది. ఉన్న కొవ్వు ఉన్నదే, అది ముందుకు తోసుకొచ్చి కనిపిస్తుందంతే. కటిని మళ్ళీ మధ్యలోకి తెచ్చుకోవడం అలవాటైతే, పొట్ట చుట్టూ పట్టీలా ఉండే లోపలి కండరం కాస్త బిగి తెచ్చుకుంటే, గ్రాము కొవ్వు తగ్గకుండానే బట్టలు వదులవుతాయి. నెల రోజుల్లో "పొట్ట తగ్గింది" అని చెప్పేవాళ్ళలో చాలామంది అబద్ధం చెప్పట్లేదు. కారణం మాత్రం వేరు.

నొప్పి ఎందుకు తగ్గింది

నడుము నొప్పి లోకంలో ఎంతమందికి ఉందంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో 61.9 కోట్ల మందికి. వాళ్ళలో పదింట తొమ్మిది వంతుల కేసుల్లో ఫలానా ఎముక, ఫలానా నరం అని చూపించగలిగే కారణం ఉండదు. అందుకే అదే సంస్థ 2023లో దీర్ఘకాల నడుము నొప్పి మీద ఇచ్చిన సూచనల్లో వ్యాయామానికి పెద్ద చోటు ఇచ్చింది.

కదిలితే ఎందుకు తగ్గుతుంది? మొదటిది డిస్కుల సంగతి. వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కుల లోపలికి పెద్దయ్యాక రక్తనాళాలు వెళ్ళవు. వాటికి తిండీ నీళ్ళూ పక్క ఎముకల్లోంచి ఊరి రావాల్సిందే. పగలు బరువు పడి అందులో నీరు కొంత బయటికి పోతుంది, రాత్రి పడుకుంటే తిరిగి చేరుతుంది. సాయంత్రానికి మనం ఒకటి రెండు సెంటీమీటర్లు పొట్టి కావడానికి కారణం అదే. ఒకే భంగిమలో గంటలు గంటలు ఉంటే ఈ రాకపోకలు మందగిస్తాయి. మెల్లగా వంగుతూ లేస్తూ ఉంటే డిస్కుకూ కీళ్ళకూ మేలు.

రెండోది కండరాల సమయపాలన. మనం చెయ్యి ఎత్తేముందే, ఆ ఎత్తే కండరం కంటే ఒక్క క్షణం ముందు, పొట్ట లోపలి పట్టీ కండరం బిగుస్తుంది. వెన్నుకి ముందే ఊతమిచ్చుకోవడం అన్నమాట. నడుము నొప్పి ఉన్నవాళ్ళలో ఈ బిగింపు ఆలస్యమవుతోందని 1996లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. అప్పట్నుంచి "కోర్" అన్న మాట జిమ్ముల్లో మంత్రమైపోయింది. ఆ మంత్రాన్ని నేను పూర్తిగా నమ్మను. ఎందుకంటే ఆ తర్వాత జరిగిన ఎన్నో పోలికల్లో, ప్రత్యేకించి ఈ కండరానికే చేయించిన వ్యాయామాలు మామూలు వ్యాయామాల కంటే దీర్ఘకాలంలో చెప్పుకోదగ్గ మెరుగేమీ చూపించలేదు. యోగా అయినా, నడక అయినా, ఈత అయినా మానకుండా చేసినవాళ్ళకి తగ్గింది. కాబట్టి బెల్లీ డాన్స్‌లో ఇంకెక్కడా లేని రహస్య శక్తి ఉందని చెప్పలేం. పాట ఉంది, తోడు ఉంది, వచ్చే మంగళవారం మళ్ళీ వెళ్ళాలనిపిస్తుంది. ఫిజియోథెరపిస్టు కాగితం మీద గీసిచ్చిన వ్యాయామాలు మా వదిన మూడు రోజులు చేసింది. కాగితం ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది.

మూడోది భయం. ఒకసారి నడుం పట్టేసినవాళ్ళు మళ్ళీ పట్టేస్తుందేమోనని చెక్కబొమ్మలా నడుస్తారు. వంగరు, తిరగరు. ఆ బిగబట్టడమే కొత్త నొప్పి తెస్తుంది. నడుమునే నెమ్మదిగా, చిన్న చిన్న గుండ్రాలుగా, నొప్పి లేనంత మేర తిప్పడం వల్ల "ఇది కదపొచ్చు, ఏం కాదు" అని మెదడుకి నమ్మకం కుదురుతుంది. ఒంటి నిండా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియా అనే జబ్బున్న 80 మంది ఆడవాళ్ళ మీద బ్రెజిల్‌లో జరిగిన అధ్యయనం 2012లో వెలువడింది. సగం మందికి 16 వారాలు బెల్లీ డాన్స్ నేర్పారు, మిగతా సగం మందిని వేచి ఉండమన్నారు. ఆడినవాళ్ళకి నొప్పి తగ్గింది, రోజువారీ జీవితం మెరుగైంది. రొమ్ము కాన్సర్ చికిత్స తీసుకున్నవాళ్ళ మీద అదే దేశంలో జరిగిన ఒక చిన్న అధ్యయనంలో నీరసం తగ్గినట్టు కనిపించింది. ఒకటి గుర్తుంచుకోవాలి. ఏమీ చేయనివాళ్ళతో పోల్చినప్పుడు ఏ వ్యాయామమైనా గెలుస్తుంది.

ఎవరూ నోరు విప్పని చోటు

ఇది రాయకుండా వదిలేద్దామనుకున్నాను గానీ, మన ప్రాంతానికి ఇదే అన్నిటికంటే ముఖ్యం. కటి ఎముకల అడుగున జోలెలా వేలాడే కండరాలుంటాయి. మూత్రాశయాన్నీ గర్భసంచినీ పేగు చివరినీ మోసేది అవే. కాన్పులతో, వయసుతో, ఏళ్ళ తరబడి మలబద్ధకంతో అవి సాగుతాయి. అప్పుడు దగ్గినా, తుమ్మినా, గట్టిగా నవ్వినా మూత్రం చుక్క పడుతుంది. బస్సు ప్రయాణానికి ముందు నీళ్ళు తాగడం మానేసే ఆడవాళ్ళు ప్రతి ఇంట్లో ఉంటారు, కారణం చెప్పరు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు ఆపరేషన్లే. దేశం మొత్తం మీద ఇది 21.5 శాతం. చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లోనూ మనది ముందు వరసలోనే ఉంటుంది. పొట్ట గోడ కోసి కుట్టిన ఆడవాళ్ళు ఇంతమంది ఉన్న చోట, "కుట్లు మానాయి, ఇక ఇంటిపని చేసుకోవచ్చు" అని పంపించేస్తారు తప్ప, పొట్ట కండరాల్నీ ఈ జోలెనీ మళ్ళీ పనిలో పెట్టడం ఎలాగో చెప్పేవాళ్ళు అరుదు.

బెల్లీ డాన్స్ ఈ లోటు తీరుస్తుందా? సగం. జోలె కండరాలకి రుజువైన మందు కెగెల్ వ్యాయామాలు. 1948లో కెగెల్ అనే అమెరికా వైద్యుడు రాసిన పద్ధతి: మూత్రం ఆపుకునేటప్పుడు బిగించినట్టు బిగించడం, కొన్ని క్షణాలు ఉంచడం, పూర్తిగా వదలడం, ఇలా రోజూ. బెల్లీ డాన్స్ దానికి బదులు కాదు. కానీ కటిని ముందుకీ వెనక్కీ వంచే ప్రతి కదలికలో ఈ కండరాలు పొట్ట లోపలి పట్టీతో కలిసి పనిచేస్తాయి. పైన ఊపిరి పొర, కింద ఈ జోలె, రెండూ ఒకే డబ్బాకి మూతా అడుగూ. ఊపిరి పీల్చితే రెండూ కిందికి దిగుతాయి, వదిలితే పైకి వస్తాయి. పొట్ట అలలా కదిపే వరస నేర్చుకోవాలంటే ఈ ఊపిరి లయ దొరక్క తప్పదు. చాలామందికి ఆ కండరం ఉందన్న సంగతి మొదటిసారి అక్కడే తెలుస్తుంది. "ఎప్పుడూ పొట్ట లోపలికి లాగి ఉంచండి" అనే టీచరుతో మాత్రం జాగ్రత్త. ఎప్పుడూ బిగించి ఉంచిన కండరం బలపడదు, అలసిపోతుంది. పిడికిలి రోజంతా బిగించి ఉంచితే చేతికి బలం రానట్టే.

ఆపరేషన్ కాన్పు అయినవాళ్ళు డాక్టర్ సరేనన్నాకే మొదలుపెట్టాలి. వెల్లకిలా పడుకుని తల కొంచెం ఎత్తినప్పుడు బొడ్డు దగ్గర మధ్యలో గట్టులా ఉబికినా, రెండు మూడు వేళ్ళు దిగే సందు తగిలినా, పొట్ట కండరాలు విడిపోయి ఉన్నాయని అర్థం. వాళ్ళు ముందు ఫిజియోథెరపిస్టు దగ్గరికి, తర్వాత క్లాసుకి.

మిగతావి గబగబా

షుగర్ ఉన్నవాళ్ళకి ఇది మంచిదే. కండరం పనిచేసేటప్పుడు ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలోని చక్కెరని లాక్కుంటుంది, తొడలూ పిరుదులూ ఒంట్లో పెద్ద కండరాలు. మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళు క్లాసు మధ్యలో చెమటలు పట్టి వణికితే అది నాట్యం వల్ల వచ్చిన చెమట కాకపోవచ్చు, చక్కెర పడిపోయి ఉండొచ్చు. సంచీలో గ్లూకోజ్ ఉంచుకోవాలి. పీసీఓడీకి బెల్లీ డాన్సే ప్రత్యేకం అన్న ప్రచారానికి ఆధారం లేదు, ఏ వ్యాయామమైనా ఒకటే. నెలసరి నొప్పికి వారానికి మూడుసార్లు ముప్పావుగంట, గంట చొప్పున చేసే వ్యాయామం ఉపశమనం ఇస్తుందని 2019లో వచ్చిన సమీక్ష చెప్పింది, ఆధారాలు బలహీనమేనని కూడా చెప్పింది. చేతులు భుజం ఎత్తున నిలపడం మొదట్లో నరకంలా ఉంటుంది గానీ కంప్యూటర్ ముందు ముడుచుకుపోయిన వీపుకి అది కావాల్సిందే. ఒంటికాలి మీద బరువు మార్చుకోవడం అలవాటైతే నిలకడ పెరుగుతుంది.

లోపలి అవయవాలకి మసాజ్ అవుతుంది, గర్భసంచి శుభ్రపడుతుంది, ఇది అయిదువేల ఏళ్ళ నాటి కాన్పు నాట్యం అనే మాటలు క్లాసుల్లో వినిపిస్తాయి. వినేసి ఊరుకోండి.

ఎముకల విషయంలో దీనిమీద ఎక్కువ ఆశ పెట్టుకోకూడదు. ఎముక గట్టిపడాలంటే దెబ్బ తగలాలి, బరువు పడాలి. ఈ లెక్కన పాదం దబ్బున కొట్టే కూచిపూడే మెరుగు. బెల్లీ డాన్స్‌లో పాదం మెత్తన కాబట్టి మోకాళ్ళు అరిగినవాళ్ళకి కలిసొస్తుంది, ఎముకలకి మాత్రం వేరే పని కావాలి. వారంలో రెండు రోజులు కుర్చీలోంచి లేచి కూర్చోవడాలు, గోడకి చేతులానించి తోయడాలు చేస్తే కొంత మేలు. "మా కాలంలో తిరగలి, రుబ్బురోలు ఉండేవి, మాకీ నాట్యాలెందుకు" అని మా అమ్మ తరం అంటుంది. తిరగలి తిప్పితే నడుము బాగా తిరిగేది, నిజమే. కానీ నాట్లు వేసి, వంగి కోతలు కోసి, గుంటూరులో రోజంతా గొంతుక్కూర్చుని మిర్చి తొడిమలు తీసి నడుములు పోగొట్టుకున్నదీ ఆ ఆడవాళ్ళే. ఒకే వంపులో గంటల తరబడి చేసే చాకిరీ వేరు, అన్ని వైపులకీ గంట సేపు ఇష్టంగా కదలడం వేరు.

చేరే ముందు

నడుము నొప్పి కాల్లోకి దిగి పాదం మొద్దుబారుతుంటే, వెన్నుపూస జారిందని ఎవరైనా చెప్పి ఉంటే, గర్భసంచి జారినట్టు బరువుగా అనిపిస్తుంటే, ముందు డాక్టర్. తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం బిగుసుకుపోయినా, కాలు పట్టు తప్పినా అప్పటికప్పుడు ఆస్పత్రికి వెళ్ళాలి. గర్భిణులు వెనక్కి బాగా వంగే కదలికలు, గట్టి షిమ్మీలు మానాలి.

మన ఊళ్ళో ఇళ్ళన్నీ గ్రానైటు, టైల్సు. చెమట పడితే జారుడుబండే. చెప్పులు లేకుండా ఆడే నాట్యం కాబట్టి చాప కాదు, జారని రబ్బరు మ్యాటు వేసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని మేడ గదిలో సాయంత్రం ఆరింటికి క్లాసంటే రోహిణి కార్తెలో రోళ్ళు పగిలినట్టు మనుషులూ పగులుతారు. పొద్దున పెట్టుకోవడమే నయం. మజ్జిగ దగ్గరుంచుకోవాలి. ఆడుతూ మాట్లాడగలగాలి, పాడలేనంత ఆయాసం ఉండాలి. వేగం సరిపోయిందని తెలియడానికి అంతకంటే మంచి గుర్తు లేదు.

టీచర్ని రెండు ప్రశ్నలడిగితే చాలు. కాన్పులు, ఆపరేషన్ల గురించి చేరేవాళ్ళని అడుగుతారా? మోకాళ్ళు వదులుగా ఉంచమని మొదటి రోజే చెప్తారా? ఫ్లెక్సీ మీద ఏముందో పట్టించుకోనక్కర్లేదు.

వారానికి కనీసం 150 నిమిషాలు మధ్యస్థ శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. రెండు క్లాసులకి 120 వచ్చాయి. మిగతా ముప్పై కోసం వదిన బ్యాంకు నుంచి వచ్చేటప్పుడు వారంలో మూడు రోజులు ఒక స్టాపు ముందే దిగి నడుస్తోంది. తూకం మిషన్‌ని మంచం కిందికి తోసేసి టేపు కొనుక్కుంది. మూడో నెల ఫీజు కట్టేసింది. ఇంట్లో మాత్రం ఇంకా జుంబానే.